హీరోను గేటు కాడ ఆపరా కాకా?

సినిమా చూసి బయటికొచ్చినవాడు అనే ఒక్క మాటకు ఇవాళ నిర్మాతలు వణుకుతున్నారు. కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి. అభిమానులు చేయి చేసుకుంటున్నారు. ఇంతకీ ఆ మాటలో ఏముంది?

రాత్రి పదకొండు దాటింది. శంషాబాద్ విమానాశ్రయం క్యాబ్‌ల పార్కింగ్. వరసలో తమ వంతు వచ్చేదాకా డ్రైవర్లకు పని లేదు. కొందరు సీటు వెనక్కి వాల్చి కునుకు తీస్తున్నారు. ఒక కారు బానెట్ మీద నీళ్ల సీసాకు ఫోను ఆనించి, ముగ్గురు చుట్టూ చేరారు. సినిమా క్లైమాక్స్‌లో ఉంది. హీరోయిన్ అమెరికా విమానం ఎక్కబోతోంది. హీరో బైకు మీద దూసుకొస్తున్నాడు.

"ఔటర్ మీదికి బైకులు ఎక్కనియ్యరు గదనే. వీడెట్లొస్తుండు?" మహేశ్వరం కుర్రాడికి మొదటి అనుమానం.

"హీరో రా తమ్మీ. టోల్ గేటు గూడ అడ్డం రాదు."

హీరో బైకు పడేసి టెర్మినల్లోకి పరిగెత్తాడు.

"గేటు కాడ సీఐఎస్ఎఫోళ్లు టికెట్ అడగలేదా కాకా? మొన్న మా అత్తమ్మను దింపవోతే, సంచి లోపలిదాక పెట్టొస్తనన్నా ఇడ్వలే."

"అడిగితే సిన్మ ఆడ్నే ఐపోతది. అందరం ఇంటికి పోవుడే."

"సరే, ఆ పిల్ల సెక్యూరిటీ చెక్ దాటింది గద. మల్ల ఎనకకెట్లొచ్చె?"

"ప్రేమ రా. దానికి బోర్డింగ్ పాస్ అక్కర్లే."

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. అంతలో కాకా ఫోనులో బుకింగ్ మోగింది. ఆయన తాళం చెవి తీసుకుని లేచాడు గానీ కదల్లేదు. "ఒక్క నిమిషం ఆగు. ఇద్దరు కలుస్తరా లేదా చూసి పోత."

ఏ సినిమా అన్నది పక్కన పెడదాం. ఇలాంటి క్లైమాక్స్ తెలుగులో చాలా సినిమాలకు ఉంది. కాకా అన్న చివరి మాట చూడండి. కుర్రాడు పట్టిన తప్పుల్లో ఒక్కటీ కాదనలేదు. బండి ఎక్కడ ఎక్కకూడదో, గేటు దగ్గర ఎవరుంటారో, ఏ తలుపు దాటితే వెనక్కి రాలేమో దర్శకుడి కన్నా ఆయనకే బాగా తెలుసు. అయినా ఆ ఇద్దరూ కలవాలని కోరుకుంటున్నాడు. తెలుగు ప్రేక్షకుడి చమత్కారం పుట్టేది ఈ రెండింటి మధ్యే. కథను నమ్మాలని ఉంటుంది, కళ్ల ముందున్న లోకం కథకు అడ్డొస్తుంది. అప్పుడు నోట్లోంచి ఒక మాట పడుతుంది.

ఆ మాట మీదే కొన్నేళ్లుగా పెద్ద గొడవ నడుస్తోంది. సినిమా విడుదలైన తొలి మూడు రోజులు ఎవరూ రివ్యూ చెప్పకూడదని కొందరు నిర్మాతలు అడుగుతున్నారు. 2026 సంక్రాంతికి వచ్చిన 'మన శంకరవరప్రసాద్ గారు' సినిమాకైతే బుక్‌మైషోలో రేటింగులు, రివ్యూలు కోర్టు ఆదేశం మేరకు కనిపించకుండా పోయాయి. శుక్రవారం వచ్చిందంటే ఈ చర్చ మళ్లీ మొదలవుతోంది.

వంత పాడటం మన అలవాటు

కథ నడుస్తుండగా పక్కనుంచి మాట విసరడం మనకు సినిమాతో వచ్చింది కాదు. బుర్రకథలో కథకుడికి ఒక పక్క హాస్యం చెప్పే వంత ఉంటాడు, రెండో పక్క రాజకీయం చెప్పే వంత ఉంటాడు. కథకుడు రోమాలు నిక్కబొడుచుకునేలా వీరుడి గాథ పాడుతుంటే, హాస్యపు వంత మధ్యలో ఆపి జనం మనసులో మెదిలే అనుమానాన్నే అడిగేస్తాడు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క చేసేదీ ఆ పనే. తెలంగాణ చిందు యక్షగానంలో బుడ్డర్‌ఖాన్ రాగానే పిల్లలు ముందుకు జరిగి కూర్చుంటారు. రాజులూ రాక్షసులూ ఉన్న కథలోకి ఊరి మాటను తెచ్చేవాడు అతనే.

సినిమా వచ్చాక వంత పాడేవాళ్లు వేదిక దిగి నేల టికెట్లో కూర్చున్నారు. అక్కణ్నుంచి పత్రికల్లోకి ఎక్కారు. 1950ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణ సినిమా పేజీ చూసేవారు. ఆయన సమీక్షల్లో చురక తగిలినవాళ్లు కూడా నవ్వుకుంటూనే చదివేవారు. సినిమా రంగం పోకడల మీద 'విక్రమార్కుడి మార్కు సింహాసనం', 'గిరీశం లెక్చర్లు' రాశారు. అన్ని చురకలు పెట్టిన మనిషినే సినిమావాళ్లు పిలిచి కథలు, మాటలు రాయించుకున్నారు. 1962లో 'రక్తసంబంధం'తో మొదలై, బాపుతో కలిసి 1967లో 'సాక్షి', 1975లో 'ముత్యాల ముగ్గు' దాకా ఆ కలం ఎలా సాగిందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. 'ముత్యాల ముగ్గు'లో రావు గోపాలరావు కాంట్రాక్టరు మాట్లాడే తీరులో, ఒకప్పుడు సినిమా పేజీలో లోకాన్ని నిశితంగా చూసిన ఆ కన్నే కనిపిస్తుంది.

ఎగతాళి చేసినవాణ్ని పరిశ్రమ శత్రువుగా చూడలేదు. పనిమంతుడని గుర్తించింది. ఇవాళ మనం పోగొట్టుకుంటున్నది ఆ పెద్దరికాన్నే.

[బాక్స్] కెమెరా మరిగిన గుడి

శంషాబాద్ మండలం నర్కూడ దగ్గర అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయం ఉంది. ఏడంతస్తుల గోపురం, మెట్లతో దిగే కోనేరు, చుట్టూ రాతి మండపాలు. ఇక్కడ షూటింగ్ చేస్తే సినిమా ఆడుతుందని పరిశ్రమలో ఒక నమ్మకం. అందుకే ఎన్నో సినిమాల్లో, సీరియళ్లలో ఈ గోపురం కనిపిస్తుంది. కథ గోదావరి ఒడ్డున జరుగుతోందని తెర మీద చెప్పినా, రాయలసీమలో జరుగుతోందని చెప్పినా, ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మాత్రం గోపురం చూడగానే గుడి పేరు చెప్పేస్తారు.

డీఎన్ఏ పరీక్ష ఎప్పుడు డాక్టర్ బాబూ?

సినిమా మీద పడే మాట శుక్రవారం పుట్టి సోమవారానికి చల్లబడుతుంది. టీవీ సీరియల్ మీద పడే మాట ఏళ్ల తరబడి ఉడుకుతుంది. అందుకు 'కార్తీకదీపం'ను మించిన ఉదాహరణ లేదు.

మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు'కు అది తెలుగు రూపం. 2017 అక్టోబరులో స్టార్ మా చానల్లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. భార్య దీప, జనం నోట వంటలక్క. ఆమె మీద అనుమానంతో భర్త దూరమవుతాడు. పిల్లలు తన పిల్లలేనా అన్నది అతని సందేహం. ఆ భర్త ఏం పని చేస్తాడు? డాక్టరు. జనానికి డాక్టర్ బాబు. తెలుగు లోగిళ్లలో ఏళ్ల పాటు నలిగిన ప్రశ్న ఇక్కడే పుట్టింది. ఆసుపత్రి ఉంది, ల్యాబు ఉంది, ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయిస్తే కథ సాయంత్రానికి తేలిపోదా?

ఆ ప్రశ్న అడగని ఇల్లు లేదు. కూరగాయలు తరుగుతూ అడిగారు, పిల్లలకు అన్నం తినిపిస్తూ అడిగారు. మీములు చేశారు, వీడియోలు చేశారు. బడిలో జీవశాస్త్రం సరిగ్గా తలకెక్కని పిల్లలకు కూడా డీఎన్ఏ పరీక్ష దేనికి చేస్తారో వంటలక్క పుణ్యాన తెలిసింది. ఇంత నవ్విన జనమే ఏడున్నర కాగానే టీవీ ముందు చేరేవారు. మహేశ్వరంలో ఒక ఇంట్లో అవ్వా మనవరాలూ ఆ సీరియల్ చూసే తీరు ఇలా ఉండేది.

"అవ్వా, ఆయన డాక్టరే గదా. టెస్టు చేస్తే ఐపోతది."

"టెస్టు చేస్తే నమ్ముతడు. టెస్టు లేకుంట నమ్మాలె బిడ్డా, గదే గా పిల్ల బాధ."

సీరియల్ రచయితలు ఎన్ని వందల ఎపిసోడ్లలో చెప్పాలనుకున్నారో గానీ, అవ్వ ఒక్క ముక్కలో తేల్చేసింది. దీప కోరుకున్నది రుజువు కాదు, నమ్మకం. మనవరాలి చమత్కారం కథలో కంత చూపింది, అవ్వ మాట ఆ కంతలోంచే కథ ప్రాణాన్ని చూపింది. ఈ రెండూ విమర్శే. రెండూ కావాలి.

ఇంకో విశేషం. 2022 మార్చిలో డాక్టర్ బాబు, వంటలక్క ప్రమాదంలో చనిపోయినట్లు చూపించి, కథను పిల్లలు పెద్దవాళ్లయిన కాలానికి మార్చారు. జనం ఊరుకోలేదు. వాళ్లిద్దరూ లేని 'కార్తీకదీపం' తమకెందుకని అడిగారు. అదే ఏడాది ఆ ఇద్దరినీ కథలోకి తిరిగి తీసుకురావాల్సి వచ్చింది. అన్నేళ్లు డీఎన్ఏ జోకులు వేసినవాళ్లే వాళ్లిద్దరి కోసం బెంగపెట్టుకున్నారు. జోకు వేయడమంటే కథను వదిలేయడం అనుకునేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

'చక్రవాకం', 'మొగలిరేకులు' కాలం నుంచీ ఇదే వరస. ఒక్కో ముఖం మీదికి కెమెరా మూడుసార్లు దూసుకెళ్లడాన్ని, అర్ధరాత్రి పడకగదిలో కూడా పట్టుచీర నలగకపోవడాన్ని చెప్పుకుని నవ్వని తెలుగు కుటుంబం ఉండదు. 'మొగలిరేకులు' ఆర్కే నాయుడంటే ఇప్పటికీ చేతిలో పని ఆపి చూసేవాళ్లూ వాళ్లే.

[బాక్స్] ఆదివారం రాత్రి 'అమృతం'

గుణ్ణం గంగరాజు తలపెట్టిన హాస్య సీరియల్ 'అమృతం' 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీ టీవీలో వచ్చింది. మొత్తం 313 ఎపిసోడ్లు. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ వేర్వేరు కాలాల్లో పోషించారు. వాళ్లలో ఎవరు బాగా చేశారన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు మాత్రం అందరి ఓటూ గెలిచారు. ఆయన 2018 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అందులోని సర్వం ఇడ్లీలు గుర్తులేని మనిషి ఆ తరంలో దొరకడు.

ఓడిన సినిమాకు జనం రాసిన తీర్పు

'అతడు' వచ్చిన అయిదేళ్లకు, 2010 అక్టోబరు 7న, మహేశ్‌బాబుతో త్రివిక్రమ్ తీసిన 'ఖలేజా' విడుదలైంది. టాక్సీ డ్రైవరును ఓ ఊరు దేవుడని నమ్మితే ఏమవుతుందన్నది కథ. థియేటర్లో ఆ సినిమా నిలబడలేదు. మర్నాటి మాట బాగాలేదు. అది ఫ్లాపని అందరూ ఒప్పేసుకున్నారు.

తర్వాత టీవీలో వేయడం మొదలుపెట్టారు. ఇంట్లో భోజనాల వేళ, పండగ సెలవుల్లో, కరెంటు పోయి వచ్చాక మిగిలిన సగం. అలా ముక్కలు ముక్కలుగా చూసినవాళ్లకు ఆ సంభాషణల్లో రుచి దొరికింది. హీరో తనను దేవుడన్నవాళ్లతో పడే తగువులో, మహేశ్ ముఖంలో కదిలే ఆ అల్లరిలో, థియేటర్లో తొందరపడి గమనించనిదేదో కనిపించింది. చిన్న చిన్న ముక్కలు ఫోనుల్లో తిరిగాయి. పదిహేనేళ్లకు, 2025 మే 30న, ఆ సినిమాను మళ్లీ విడుదల చేస్తే థియేటర్లు పండగ చేసుకున్నాయి. ప్రతి మాటనూ తెర కన్నా ముందే జనం పలికారు.

ఈ తీర్పు తిరగరాసింది విమర్శకులు కాదు, అవార్డుల సంఘాలు అంతకన్నా కాదు. ఒకే సినిమాను పదే పదే చూసి, స్నేహితుడికి ఫోను తిప్పి ఇది చూడరా అన్న మామూలు ప్రేక్షకులు. 2010 నవంబరులో వచ్చి నిర్మాత నాగబాబును నష్టాల్లో ముంచిన 'ఆరెంజ్'కు కూడా 2023లో రామ్‌చరణ్ పుట్టినరోజు వేళ అలాంటి మర్యాదే దక్కింది. 'మురారి' 2024 ఆగస్టు 9న మళ్లీ వచ్చినప్పుడు థియేటర్లో పెళ్లి చేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

మొదటి రోజు మాటకు ఇంత భయపడుతున్న నిర్మాతలు ఇది గమనించాలి. జనం మొదటి రోజు తప్పు తీర్పు చెప్పవచ్చు. దాన్ని దిద్దుకునేదీ ఆ జనమే. నోరు నొక్కితే తిట్టే నోటితో పాటు మెచ్చే నోరూ మూగబోతుంది.

బ్రహ్మానందం ముఖంలో లేని భావం ఏది?

ఇవాళ చమత్కారం నోటి నుంచి బొమ్మకు మారింది. ఆ బొమ్మల్లో రాజు బ్రహ్మానందం. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన లెక్చరరు, జంధ్యాల 'అహ నా పెళ్లంట'తో 1987లో జనానికి దగ్గరయ్యారు. 2009లో పద్మశ్రీ వచ్చింది. అత్యధిక చిత్రాల్లో నటించిన జీవించి ఉన్న నటుడిగా గిన్నిస్ రికార్డుల్లోకెక్కారు. ఆయన సినిమా ఒక్కటీ పూర్తిగా చూడని ఉత్తరాది కుర్రాళ్లు కూడా ఆయన ముఖంతోనే నవ్వుకుంటున్నారు. బాస్ సెలవివ్వకపోయినా, చుట్టాలొస్తున్నామని ఫోను చేసినా, జీతం పడ్డ నాడూ అయిపోయిన నాడూ దానికి సరిపోయే బ్రహ్మానందం ముఖం ఒకటి సిద్ధంగా ఉంటుంది.

'అహ నా పెళ్లంట'లోనే కోట శ్రీనివాసరావు పిసినారి లక్ష్మీపతి. పైన వేలాడుతున్న కోడిని చూస్తూ కింద ఉత్త అన్నం తినే దృశ్యం. జాగ్రత్తగా చూడండి. ముద్ద కలిపేటప్పుడు చెయ్యి వట్టి అన్నంలోనే ఉంటుంది, కళ్లు మాత్రం కోడి కూర తింటున్న తృప్తితో మెరుస్తుంటాయి. నెల చివర ఖరీదైన వస్తువును ఫోనులో చూసి పెట్టేసే ప్రతి జీతగాడికీ ఆ దృశ్యం సరిపోతుంది. 2025 జులై 13న కోట కన్నుమూసిన రోజు జనం నివాళిగా పంచుకున్న దృశ్యాల్లో అదీ ఉంది. నవ్వించిన మనిషికి నవ్వుతోనే దండం పెట్టారు.

ఈ నవ్వుల బడిలో చదువుకున్నవాళ్లు ఇప్పుడు తెర మీదికి వస్తున్నారు. ఇంటర్నెట్ వీడియోలతో పేరు తెచ్చుకున్న నవీన్ పొలిశెట్టి 'జాతిరత్నాలు'లో జోగిపేట శ్రీకాంత్ అయ్యాడు. యూట్యూబ్‌లో సరదా కబుర్లు చెప్పే మౌళి తనూజ్ '90స్'లో నటించి, 2025 సెప్టెంబరులో 'లిటిల్ హార్ట్స్'తో హీరో అయ్యాడు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' పుట్టింది, అందులోంచి గంగవ్వ పుట్టింది, 2020లో ఆమె బిగ్‌బాస్ ఇంటికి వెళ్లింది. పొలం పనులు చేసుకునే అవ్వ టీవీ స్టూడియోలో తన ఊరి మాటతోనే నెగ్గుకొచ్చింది. ముళ్లపూడికి నాడు తెరుచుకున్న తలుపు ఇంకా మూసుకుపోలేదు.

ప్లేస్టేషన్ అన్నందుకు దెబ్బలు

ఇక చేదు సంగతికి వద్దాం. 2023 జూన్ 16. 'ఆదిపురుష్' విడుదలైన రోజు. హైదరాబాద్ ప్రసాద్స్ మల్టీప్లెక్స్ బయట మైకులు పట్టుకుని కెమెరాలవాళ్లు నిలబడ్డారు. ఒక ప్రేక్షకుడు సినిమా తనకు నచ్చలేదన్నాడు, ప్లేస్టేషన్ ఆటలా ఉందన్నాడు. చుట్టూ ఉన్న కొందరు అభిమానులు అతని మీద పడి కొట్టారు. ఆ వీడియో దేశమంతా చూసింది.

అతనన్న మాటలో అన్యాయం లేదు. 2022 అక్టోబరులో టీజర్ వచ్చినప్పుడు గ్రాఫిక్స్ మీద దేశమంతా అదే మాట అంది. ఆ మాట విని సినిమావాళ్లే విడుదలను సంక్రాంతి నుంచి జూన్‌కు మార్చి మళ్లీ పని చేశారు. దర్శకుడు విన్న మాటనే అభిమాని వినలేకపోయాడు.

ఎందుకిలా తయారైంది? నాకు కనిపించే మొదటి కారణం టికెట్ ధర. 'పుష్ప 2' కోసం 2024 డిసెంబరు 4 రాత్రి ప్రీమియర్లకు తెలంగాణలో ఉన్న ధర మీద మరో 800 రూపాయలు పెంచుకోవడానికి అనుమతి దొరికింది. అంటే ఒక్క మనిషి సినిమా చూడాలంటే వెయ్యి దాటాల్సిందే. ఆ రాత్రే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు చావు అంచుల దాకా వెళ్లాడు. నేల టికెట్ కొన్నవాడు సినిమా బాగాలేకపోతే ఒక జోకు వేసి ఇంటికి పోయేవాడు. వెయ్యి పెట్టినవాడికి జోకు రాదు, కోపం వస్తుంది. అభిమానికైతే ఆ వెయ్యి తన పరువు కూడా. ఎదుటివాడు బాగాలేదంటే తన పరువే పోయినట్లు ఉంటుంది. ధర పెరిగేకొద్దీ మాటలో నవ్వు తగ్గింది, విషం పెరిగింది.

రెండోది, ఆ మైకు. థియేటర్ మెట్లు దిగకముందే నోటి ముందు మైకు పెడితే ఎవరికైనా పెద్ద మాట అనాలనే అనిపిస్తుంది. ఉన్నదున్నట్లు చెబితే ఆ వీడియో ఎవరూ చూడరు. అందుకే అయితే కళాఖండం, లేకపోతే చెత్త. దీని మీద పెయిడ్ టాక్ ఒకటి తోడైంది. సొంత సినిమాను పొగిడించుకోవడం, పోటీ సినిమాను తిట్టించడం బేరసారాల మీద నడుస్తోందని సినిమావాళ్లే వేదికలెక్కి చెబుతున్నారు. అభిమానుల పేరుతో సినిమా చూడకుండానే రాసే రాతలు సరేసరి. టీవీలోనూ ఇదే జాడ్యం. 2023 డిసెంబరు 17న బిగ్‌బాస్ ఏడో సీజన్ ముగిసిన రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. టీవీలో ఎవరు గెలవాలన్న ముచ్చటకు బస్సులో ఇంటికి పోయేవాళ్లు భయపడాల్సి వచ్చింది.

మూడు రోజులు నోరు కట్టేస్తే?

2024లో తమిళ నిర్మాతలు తొలి మూడు రోజులు ఆన్‌లైన్ రివ్యూలు ఆపించాలని మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. అలాంటి నిషేధం విధించడానికి కోర్టు ఒప్పుకోలేదు. కేరళలో 2023లోనే ఈ గొడవ హైకోర్టుకెక్కింది. మన దగ్గర 2024 ఏప్రిల్‌లో 'ఫ్యామిలీ స్టార్' మీద పనిగట్టుకుని విషప్రచారం చేశారని పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. ఆ బాధ నిజమైనదే. సినిమా పడకముందే బాగాలేదని రాయడం మోసం. దాన్ని పట్టుకోవడానికి చట్టం ఉంది, పోలీసులున్నారు.

దానికోసం నిజంగా చూసినవాడి నోరు మూయించడం మాత్రం ఒప్పుకోలేం. ఆ నోటి మీద బతికిన సినిమాల సంగతేమిటి? 2016లో 'పెళ్లిచూపులు', 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' ఎవరు నిలబెట్టారు? 2023 మార్చి 3న 'బలగం' వచ్చినప్పుడు పెద్ద హీరో లేడు. దర్శకుడు వేణు యెల్దండిని జనం జబర్దస్త్ కమెడియన్‌గానే ఎరుగుదురు. చావు ఇంట్లో పిట్ట ముద్ద ముట్టలేదన్న కథ. చూసినవాళ్లు ఏడుస్తూ వచ్చి పక్కింటివాళ్లకు చెప్పారు. తెలంగాణ పల్లెల్లో ఊరు ఊరంతా ఒకచోట కూర్చుని తెర కట్టి చూసే దాకా వెళ్లింది. ఆ ఉచిత ప్రదర్శనలు ఆపించాలని నిర్మాతలే పోలీసులను ఆశ్రయించాల్సి వచ్చిందంటే నోటిమాట బలం ఎంతటిదో చూడండి. తొలి మూడు రోజులు ఆ నోళ్లు కట్టేసి ఉంటే, నాలుగో రోజుకు 'బలగం' థియేటర్లలో మిగిలేదా? నిషేధం వల్ల పెద్ద సినిమా మూడు రోజుల వసూళ్లు కాపాడుకోవచ్చు. చిన్న సినిమా ఊపిరే పోతుంది.

[బాక్స్] తొడ కొడితే రైలు

2003లో వచ్చిన 'పల్నాటి బ్రహ్మనాయుడు'లో బాలకృష్ణ తొడ కొడితే రైలు వెనక్కి వెళ్లే దృశ్యం మీద జనం రెండు దశాబ్దాలుగా నవ్వుకుంటున్నారు. ఆ నవ్వు ఆయన్ను చిన్నబుచ్చలేదు. 2021 నవంబరులో ఆహాలో 'అన్‌స్టాపబుల్' మొదలయ్యాక అతిథులతో కలిసి హాయిగా నవ్వే బాలకృష్ణను చూసి, అప్పటిదాకా మీములు చేసినవాళ్లే అభిమానులయ్యారు. అదే ఏడాది డిసెంబరు 2న వచ్చిన 'అఖండ'కు థియేటర్లు దద్దరిల్లాయి.

పని మీద మాట, మనిషి మీద మాట

రైలు వెనక్కి పోయిందని నవ్వడం సినిమా మీద మాట. నటి వయసు మీద, ఒంటి మీద, పెళ్లి మీద, పిల్లల మీద విసిరేది మనిషి మీద రాయి. ఈ తేడా తెలియని వాళ్లు లేరు, తెలిసీ దాటేవాళ్లే ఉన్నారు. వయసును అడ్డం పెట్టుకుని ఆన్‌లైన్‌లో వేధిస్తున్నారని 2022లో యాంకర్, నటి అనసూయ సైబర్ క్రైం పోలీసులకు ఫిర్యాదు చేశారు. 2024 జులైలో ఒక తండ్రీ కూతుళ్ల వీడియో మీద అసహ్యమైన మాటలన్న యూట్యూబర్‌ను తెలంగాణ పోలీసులు అరెస్టు చేశారు. దాన్ని కామెడీ అని సమర్థించబోయినవాళ్లను తెలుగు సమాజం సహించలేదు, అది మంచిదైంది. ఆ వెంటనే నటీనటుల సంఘం 'మా' ట్రోలింగ్ వీడియోలు తీసేయాలని గడువు పెట్టి, కొన్ని చానళ్లను మూయించింది.

అక్కడ జాగ్రత్త కావాలి. బూతు మాట్లాడినవాడికి వేసిన సంకెళ్లతోనే, నటన బాగాలేదన్నవాణ్నీ కట్టేయకూడదు. క్యాబ్ పార్కింగ్‌లో నవ్వుకున్న ఆ ముగ్గురూ హీరో రంగు గురించి గానీ, హీరోయిన్ ఒళ్లు గురించి గానీ ఒక్క మాట అనలేదు. బైకు, గేటు, బోర్డింగ్ పాస్ చాలాయి వాళ్లకు. మంచి చమత్కారానికి కావలసిన సరుకంతా సినిమాలోనే దొరుకుతుంది. ఒంటి మీదికి పోయేవాడు సినిమా సరిగ్గా చూడనివాడు.

నిర్మాతలను అడిగేది ఒకటే. పెయిడ్ టాక్ కొనడం మీరు ముందు ఆపండి, తర్వాత ప్రేక్షకుడి మాట గురించి కోర్టుకు వెళ్లండి. టికెట్ ధర ఒక కుటుంబం కలిసి వచ్చి, బాగాలేకపోయినా నవ్వుకుంటూ ఇంటికెళ్లగలిగేంతలో ఉంచండి. హీరోలు అభిమానులకు చెప్పాల్సిన మాట ఇంకా గట్టిగా, పేరు పేరునా చెప్పాలి. నా సినిమా బాగాలేదన్నవాడి మీద చెయ్యి వేసినవాడు నా అభిమాని కాడని తొలి ఆట కన్నా ముందే ప్రకటించాలి. థియేటర్ యాజమాన్యాలారా, మెట్ల మీద ఎన్ని కెమెరాలకైనా చోటివ్వండి, వాటి ముందు మాట్లాడినవాడు క్షేమంగా రోడ్డు దాటేదాకా బాధ్యత మీదే.

పాఠకులకు ఒక్క మనవి. చూసిన సినిమా మీదే మాట్లాడండి. నచ్చకపోతే నవ్వుతూ చెప్పండి. నచ్చిన చిన్న సినిమా ఉంటే మాత్రం సోమవారం దాకా ఆగకండి, శుక్రవారం రాత్రే నలుగురికి ఫోను చేయండి.